జెండా పాట ఒక్క రాశిదే: వేలంలో లైసెన్సు ఎవరికి ఉండాలి, ఎందుకు ఉండాలి

మిర్చి కల్లాలకెక్కిందంటే వరంగల్ పేపర్లలో రోజూ ఒక అంకె కనబడుతుంది. వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డులో ఇవాళ జెండా పాట, అంటే మేలైన రాశి మీద పొద్దున వేలంలో నిలిచిన ధర, ఇంత అని. పొద్దుగూకేలోపు ఆ అంకె వాట్సాప్‌లో ఊరూరూ తిరుగుతుంది. తెల్లారి ఆ ధర మీద ఆశతో ట్రాలీలో బస్తాలేసుకొని వచ్చిన రైతు చేతికి సాయంత్రం వచ్చే తక్ పట్టీ, అంటే లెక్క చీటీ మీద వేరే అంకె ఉంటుంది. చాలాసార్లు తక్కువే ఉంటుంది.

"సేటూ, జెండా పాట పద్నాలుగు వేలని పేపర్ల వచ్చింది గదా, నాది పన్నెండు వేల ఆరొందలే ఎందుకైంది?"

"నీ సరుకు గంతే పలికింది పటేలా."

మాట అక్కడితో తెగిపోతుంది గానీ అనుమానం తెగదు. పాట పెట్టించింది ఎవరు? ఆయనకు లైసెన్సు ఉందా? పాడినవాడికి ఉందా? మధ్యలో నిలబడి కమిషన్ తీసుకున్న సేటుకు ఏ కాగితం ఉంది? ఈ ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు ఉంటుందని మనం అనుకుంటాం. ఉండదు. వేలం అనేది బయటికి ఒక్క పనిలా కనిపించినా లోపల పలువురి పని. ఒక్కొక్కరికీ ఒక్కో రకం నిబంధన.

యార్డులో ఎవరు ఎవరు

ముందు మాటలు తేల్చుకుందాం. పంట అమ్మేవాడు రైతు. తన పంట తాను అమ్ముకోవడానికి రైతుకు ఏ లైసెన్సూ అక్కర్లేదు. రైతు తరఫున సరుకు దించుకొని, పాటకు పెట్టించి, డబ్బు ఇప్పించి, అందుకు కమిషన్ తీసుకునేవాడు అడ్తిదారు. చట్టం భాషలో కమిషన్ ఏజెంటు. సరుకు కొనేవాడు ఖరీదుదారు, చట్టం భాషలో ట్రేడర్. కాంటా వేసి బరువు రాసేవాడు దడ్వాయి. బస్తాలు మోసేవాళ్లు హమాలీలు. రాశి కింద చెదిరిన కాయను చాటలతో ఎత్తి శుభ్రం చేసేవాళ్లు చాట కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్లే. వీళ్లందరి పైన మార్కెట్ కమిటీ, దాని కార్యదర్శి, సూపర్‌వైజర్లు.

అమ్మకం పూర్తయ్యాక రైతుకిచ్చే లెక్క చీటీ తక్ పట్టీ. ఎన్ని బస్తాలు, ఎంత బరువు, ఏ ధర, ఏమేమి కోతలు, చేతికి ఎంత అన్నది అందులో ఉంటుంది. మా బాపు తక్ పట్టీలను పాస్ పుస్తకంతోపాటు ఇనప పెట్టెలో దాచేవాడు. చిన్నప్పుడు అవెందుకో అర్థం కాలేదు. ఇప్పుడు ఈ చట్టాలన్నీ చదివాక, ఆ యార్డు మొత్తంలో రైతు చేతికొచ్చే సాక్ష్యం అదొక్కటే అని అర్థమైంది.

"వేలందారు లైసెన్సు" అనే కాగితం మన దేశంలో ఒక్కటిగా లేదు

కొన్ని దేశాల్లో వేలం పాట నడిపే మనిషికే పరీక్ష, డిపాజిట్, లైసెన్సు ఉంటాయి. మన దగ్గర దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. ఏ వస్తువైనా వేలంలో అమ్మితే వర్తించే మూల నియమాలు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, 64వ సెక్షన్‌లో ఉన్నాయి. ఆ సెక్షన్ వేలందారుకు లైసెన్సు గురించి ఒక్క మాటా చెప్పదు. వేలం ఎలా జరిగితే చెల్లుతుందో మాత్రం చెబుతుంది.

అందులో మొదటి నియమమే జెండా పాట గొడవకు సగం జవాబు. సరుకును లాట్లుగా పెట్టి అమ్మితే, వేరే మాట లేనంతవరకు, ప్రతి లాటూ విడి ఒప్పందం. పక్క రాశికి పలికిన ధర నా రాశికి ఒప్పందం కాదు. రెండో నియమం: సుత్తి కొట్టడంతోనో, అక్కడి ఆచారం ప్రకారం ఇంకో రకంగానో పాట ముగిసిందని ప్రకటించినప్పుడే అమ్మకం పూర్తి. అప్పటిదాకా పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. మన యార్డుల్లో సుత్తి ఉండదు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అనడమే సుత్తి.

మిగతా నియమాలు అమ్మేవాడి మోసం గురించి. అమ్మేవాడు తానే పాడాలన్నా, తన తరఫున ఇంకొకరితో పాడించాలన్నా ఆ హక్కు తనకుందని ముందే చెప్పాలి. చెప్పకుండా పాడిస్తే అది మోసం. ధర పెంచడానికి దొంగ పాట పాడిస్తే, కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. అమ్మేవాడు ఇంతకు తక్కువైతే ఇవ్వనని కనీస ధర పెట్టుకోవచ్చు కూడా.

ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. 1930 చట్టానికి భయమంతా అమ్మేవాడు ధర పెంచుతాడేమోనని. ఏనుమాములలోనో జమ్మికుంటలోనో రైతు భయం దానికి పూర్తిగా తలకిందులు: కొనేవాళ్లందరూ ఒక్కటై ధర తగ్గిస్తారేమోనని. ఖరీదుదారులు ముందే మాట్లాడుకొని, "ఈ రాశి నువ్వు, ఆ రాశి నేను" అని పంచుకుంటే 64వ సెక్షన్‌లో దానికి మందు లేదు. ఆ మందు 2002 నాటి పోటీ చట్టంలో ఉంది. దాని 3వ సెక్షన్ ప్రకారం పోటీదారులు కుమ్మక్కై పాట పాడటం పోటీని దెబ్బతీసినట్టే లెక్క. కానీ అది ఢిల్లీలో ఉన్న కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లాల్సిన వ్యవహారం. ఇరవై బస్తాల రైతుకు అది అందే దూరంలో లేదు. ఆ ఖాళీని పూడ్చాల్సింది ఇక్కడి మార్కెట్ చట్టమే.

జెండా పాట అంటే ఏమిటి, ఏమి కాదు

వరంగల్, ఖమ్మం యార్డుల్లో పొద్దున జెండా ఎత్తి మొదలుపెట్టే పాటకే జెండా పాట అని పేరు. యార్డుకొచ్చిన సరుకులో మేలైన రాశి దగ్గర ఖరీదుదారులు, అడ్తిదారులు, మార్కెట్ సిబ్బంది చేరతారు. దాని మీద పోటీగా పాడతారు. చివరికి నిలిచిన ధర ఆ రోజుకు గుర్తు. తర్వాత మిగతా రాశుల దగ్గరికి వెళ్తారు. కాయ చేతిలోకి తీసుకొని రంగు చూస్తారు, విరిచి తేమ చూస్తారు, తాలు, అంటే నాసి కాయ, ఎంత కలిసిందో చూస్తారు. ఒక్కో రాశికి ఒక్కో ధర కడతారు.

కాబట్టి జెండా పాట ఆ రోజు మంచి సరుకు ఎంత పలకగలదో చెప్పే అంకె. ప్రభుత్వం ఇచ్చిన హామీ ధర కాదు, యార్డు సగటు కాదు, పక్క రాశికి కట్టాల్సిన ధర అసలే కాదు.

ఊహించిన అంకెలతో చూద్దాం. యార్డుకు ఒకే బరువున్న 100 బస్తాలు వచ్చాయనుకోండి. 10 బస్తాల మేలు రకం క్వింటాలు 14,000 రూపాయలు పలికింది. 60 బస్తాలు 12,500కు పోయాయి. తాలు కలిసిన 30 బస్తాలు 9,000కే పోయాయి. సగటు లెక్క కడితే క్వింటాలుకు 11,600. పేపర్లో వచ్చే అంకె 14,000. రెండూ నిజమే. కానీ నూరింట తొంభై బస్తాల రైతులకు ఆ 14,000 దక్కలేదు. అందుకే మార్కెట్లు కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్ అనే ధరల వెబ్‌సైటుకు పంపే వివరాల్లో గరిష్ఠ ధర ఒక్కటే ఉండదు. కనిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర కూడా ఉంటాయి. ఆ మూడో అంకె రైతుకు అన్నిటికన్నా పనికొచ్చేది. విచిత్రంగా అదే ఊళ్లో ఎవరి నోటా వినబడదు.

జెండా పాట వల్ల మేలు లేదని నేను అనను. ఒక రాశి మీదైనా అందరి ముందు, అందరి చెవిన పడేటట్టు పోటీ జరుగుతుంది. ఆ అంకె లేకపోతే మిగతా రాశుల దగ్గర బేరం మొదలయ్యే చోటే ఉండదు. చిక్కు ఎక్కడంటే, మొదటి రాశి దగ్గర కనబడిన పోటీ యాభయ్యో రాశి దగ్గర ఉండదు. అక్కడ ఇద్దరో ముగ్గురో ఖరీదుదారులు, ఎండలో నిలబడి అలిసిన రైతు. వేలం అని పేరేగానీ అది బేరమే.

చోటుకు, మనిషికి, కాంటాకు వేర్వేరు అనుమతులు

ఇక్కడి మార్కెట్ చట్టానికి వయసు ఎక్కువే. నిజాం కాలంలోనే హైదరాబాద్ రాజ్యంలో 1339 ఫసలీలో, అంటే 1930 ప్రాంతంలో, వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. దాని స్థానంలో ఉమ్మడి రాష్ట్రంలో 1966 చట్టం వచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక అదే తెలంగాణ వ్యవసాయ ఉత్పత్తులు, పశుసంపద మార్కెట్ల చట్టంగా అమల్లో ఉంది. దాని కింది వివరమైన నియమాలు 1969 నాటివి.

ఈ చట్టం నడిచే తీరు ఇది. ప్రభుత్వం ముందు ఒక ప్రాంతాన్ని నోటిఫై చేస్తుంది. ఆ ప్రాంతానికి ఒక మార్కెట్ కమిటీ ఉంటుంది. ఏ పంటలు దీని కిందికి వస్తాయో కూడా నోటిఫై అవుతుంది. ఆ తర్వాత 7వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది: ఆ ప్రాంతంలో ఆ పంటలను కొనడానికి, అమ్మించడానికి, నిల్వ పెట్టడానికి చోటు నడపాలన్నా, ట్రేడర్‌గా, కమిషన్ ఏజెంటుగా, దళారిగా, తూకందారుగా పని చేయాలన్నా లైసెన్సు ఉండాలి.

గమనించండి, ఈ జాబితాలో "వేలందారు" అన్న పేరుతో విడిగా మనిషి లేడు. యార్డులో పాట నడవడం మార్కెట్ కమిటీ అజమాయిషీలో జరిగే పని. పాటను పిలిచే గొంతుకు కాదు, పాటలో తల దూర్చే ప్రతి చేతికీ లైసెన్సు అడుగుతుంది చట్టం. దాని వెనక ఆలోచన తేలిగ్గానే అర్థమవుతుంది. పాట పిలిచేవాడు తప్పు చేస్తే ఒక రాశి ధర తప్పుతుంది. కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఒక ఇంటి ఏడాది పోతుంది.

నోటిఫై అయిన ప్రాంతం అంటే యార్డు గోడల మధ్య మాత్రమే అనుకుంటే పొరపాటు. చుట్టూ ఉన్న మండలాలు, ఊళ్లు కూడా అందులోకి వస్తాయి. కాబట్టి కల్లం దగ్గరికొచ్చి, సొంత కాంటా తెచ్చుకొని, మక్కలో పత్తో కొనుక్కుపోయే మనిషికి కూడా ఈ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాల్సిందే. చాలామందికి ఉండదు. రైతుకు ఆ సంగతి డబ్బు రాని రోజునే గుర్తొస్తుంది.

మార్కెట్ ఫీజు గురించి కూడా ఇక్కడే. 12వ సెక్షన్ ప్రకారం సరుకు విలువలో నూటికి 2 రూపాయలకు మించకుండా కమిటీ ఫీజు తీసుకోవచ్చు. సాధారణంగా వసూలయ్యేది నూటికి 1 రూపాయి. దాన్ని కట్టాల్సింది కొన్నవాడు, రైతు కాదు.

కాంటా సంగతి వేరే శాఖది. 2009 నాటి తూనికలు కొలతల చట్టం కింద ఎలక్ట్రానిక్ కాంటాను ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. దడ్వాయికి మార్కెట్ లైసెన్సు ఉన్నా, అతని ముందున్న కాంటాకు ఆ ఏడాది ముద్ర లేకపోతే ఆ తూకం తప్పే.

ఇరవై బస్తాల లెక్క

పై నిబంధనలన్నీ ఒక చీటీ మీద ఎలా దిగుతాయో చూద్దాం. ఇవన్నీ ఉదాహరణ కోసం అనుకున్న అంకెలు. కమిషన్ రేటు పంటను బట్టి, మార్కెట్ బైలాను బట్టి మారుతుంది.

రైతు 20 బస్తాల మిర్చి తెచ్చాడు. కాంటా మీద సంచితో కలిపి ఒక్కో బస్తా 41 కిలోలు, మొత్తం 820 కిలోలు. సంచి బరువు కింద బస్తాకు కిలో చొప్పున 20 కిలోలు తీసేశారు. మిగిలింది 8 క్వింటాళ్లు. ధర 12,600. సరుకు విలువ 1,00,800 రూపాయలు.

నూటికి 2 చొప్పున కమిషన్ అనుకుంటే 2,016. హమాలీ, కాంటా, చాట కూలీ కలిపి బస్తాకు 32 చొప్పున 640. రైతు చేతికి 98,144. మార్కెట్ ఫీజు 1,008 రూపాయలు ఖరీదుదారు కమిటీకి కడతాడు, ఈ చీటీలో రైతు కోతగా అది కనిపించకూడదు.

ఇప్పుడు ఆ సంచి దగ్గరికి వద్దాం. ఖాళీ సంచి నిజంగా 600 గ్రాములే తూగిందనుకోండి. బస్తాకు 400 గ్రాముల కాయ ఊరికే పోయింది. ఇరవై బస్తాలకు 8 కిలోలు, కిలో 126 రూపాయల చొప్పున మళ్లీ 1,008 రూపాయలు. కమిషన్‌లో సగం. కమిషన్ చీటీ మీద అంకెగా రాసి ఉంటుంది కాబట్టి దాని మీద ఏళ్ల తరబడి కొట్లాట. ఈ సంచి తరుగు మాత్రం బరువులో కలిసిపోతుంది, ఏ గడిలోనూ డబ్బుగా కనిపించదు. యార్డులో ఎవరిని అడిగినా మొదట కమిషన్ గురించే చెబుతారు. నాకు మాత్రం ఎప్పుడూ తరుగే ఎక్కువ బాధగా అనిపిస్తుంది.

ఇదే సరుకు జెండా పాట ధరకు, అంటే 14,000కు పోయి ఉంటే విలువ 1,12,000. తేడా 11,200. ఆ తేడాలో కాయ రంగు వల్ల పోయింది ఎంత, పోటీ లేక పోయింది ఎంత అన్నది ఈ చీటీ చెప్పలేదు. అసలు చిక్కుముడి అదే.

లైసెన్సు రక్షణా, గోడా?

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ బరువుంది.

లైసెన్సు కావాలనేవాళ్లు చెప్పేది: యార్డులో కొన్నవాడు ఎవరో, దుకాణం ఎక్కడో కమిటీ రికార్డులో ఉంటుంది. డబ్బు ఇవ్వకపోతే లైసెన్సు ఆపేస్తారన్న భయం ఉంటుంది. అడ్తిదారు ఒక్క కమిషన్ మనిషే కాదు. విత్తనాలకు, మందులకు, ఆడపిల్ల పెండ్లికి అప్పిచ్చేది ఆయనే. బ్యాంకు తలుపు మూసినప్పుడు తెరిచి ఉండే తలుపు అదే. దాన్ని ఊడబెరికితే ఆ చోటు ఎవరు నింపుతారు?

వద్దనేవాళ్లు చెప్పేది: లైసెన్సులు కొద్దిమంది చేతుల్లో, తరచూ కొన్ని కుటుంబాల చేతుల్లో ఉండిపోతే పాట పాడే గొంతులు పెరగవు. గొంతులు పెరగకపోతే ధర పెరగదు. అప్పిచ్చిన సేటు దగ్గరికే సరుకు తేవాల్సి వస్తే రైతు ధర నచ్చలేదని ఎలా అనగలడు? వెంటనే నగదు కావాలంటే మళ్లీ కోత పెడతారన్న ఫిర్యాదు మన యార్డుల్లో పాతదే. నాకు తెలిసిన ఒక కుటుంబానికి ఒక సీజన్‌లో చీటీ మీద లేని అలాంటి కోత పడింది. అడిగే ధైర్యం చేయలేదు, ఎందుకంటే వచ్చే వానాకాలం విత్తనాల అప్పు కూడా అక్కడే తీసుకోవాలి.

దేశంలో ఈ గోడను తీసేసిన ప్రయోగాలూ జరిగాయి. బిహార్ 2006లో తన మార్కెట్ చట్టాన్నే రద్దు చేసుకుంది. 2020 జూన్‌లో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత చట్టం చేసింది. పాన్ కార్డు ఉన్న ఎవరైనా యార్డు బయట కొనవచ్చు, మార్కెట్ ఫీజు ఉండదు, డబ్బు అదే రోజు గానీ మూడు పనిదినాల్లో గానీ ఇవ్వాలి అన్నది అందులోని సారం. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు అమలు ఆపింది. రైతుల పోరాటం తర్వాత అదే ఏడాది నవంబర్‌లో పార్లమెంటు రద్దు చేసింది. దాంతో మన దగ్గర మళ్లీ 1966 చట్టమే గట్టి నేల.

నా అంచనా చెబుతాను. కొనేవాళ్లకు లైసెన్సు ఉండటం తప్పు కాదు. కొత్తవాళ్లకు అది సులువుగా దొరక్కపోవడమే తప్పు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్ల చర్చ ఎప్పుడూ అడ్తి ఉండాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతోంది.

ధర మీద నమ్మకం పోతే ఏమవుతుందో దగ్గర్లోనే చూశాం. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మిర్చి యార్డులో ధర కుప్పకూలి రైతులు తిరగబడ్డారు, ఆస్తి ధ్వంసమైంది. అరెస్టయిన రైతులను బేడీలతో కోర్టుకు తీసుకెళ్లడం రాష్ట్రమంతా బాధపెట్టింది.

కంప్యూటర్‌లో పాట

2016 ఏప్రిల్ 14న కేంద్రం ఈ-నామ్ అనే ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్‌ను ప్రారంభించింది. అందులో చేరాలంటే రాష్ట్రాలు మూడు మార్పులు ఒప్పుకోవాలి: రాష్ట్రమంతా చెల్లే ఒకే లైసెన్సు, మార్కెట్ ఫీజు ఒక్కచోటే వసూలు, ఎలక్ట్రానిక్ వేలం. మూడింటిలో మొదటిది మన విషయానికి కీలకం. ఏనుమాముల లైసెన్సు ఉన్నవాడు నిజామాబాద్ పసుపుకు పాడొచ్చు, అక్కడివాడు ఇక్కడి మిర్చికి పాడొచ్చు. గొంతులు పెరుగుతాయి.

గేటు దగ్గర సరుకు వివరాలు ఎక్కించి లాటు నంబరు ఇస్తారు. నాణ్యత పరీక్ష చేయాలి. ఖరీదుదారులు కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ధర వేస్తారు, ఒకరు వేసింది ఇంకొకరికి కనబడాల్సిన పని లేదు. గడువు ముగిశాక ఎక్కువ వేసినవాడి పేరు వస్తుంది. ఆ ధర ఒప్పుకోవడమో కాదనడమో రైతు చేతిలో ఉంటుంది. ఒప్పుకుంటేనే కాంటా.

కాగితం మీద ఇది జెండా పాటలోని లోపానికి సరైన మందు. యాభయ్యో రాశికి కూడా మొదటి రాశికున్నంత పోటీ. అయితే మిర్చిని చూడకుండా కొనడం కష్టం. రంగు, తేమ, తాలు ఎంతో తెలిపే పరీక్ష నమ్మదగ్గదిగా లేకపోతే దూరం నుంచి ఎవరూ ధైర్యంగా ధర వేయరు. అప్పుడు మళ్లీ ఆ యార్డులో తిరిగే పది మందే రాశి చూసి ఫోన్‌లో అంకె కొడతారు. పాట తెర మీదికి మారుతుంది, పాడేవాళ్లు మారరు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ లావుపాటి ఎర్ర కాయకు దూరం నుంచి పాడే గొంతులు రావాలంటే ప్రయోగశాల చీటీకి సేటు చూపుకున్నంత విలువ రావాలి.

యార్డు బయటి పాటలు

యార్డు గోడ దాటితే నిబంధనలు పూర్తిగా మారిపోతాయి. ఊరి అంగడిలో తైబజారు వేలం వేస్తారు కదా, అక్కడ గ్రామ పంచాయతీ అమ్మేది సరుకును కాదు, రుసుము వసూలు చేసుకునే హక్కును. పాట గెలిచినవాడికి ఖరారైన రేట్ల ప్రకారం వసూలు చేసే హక్కు మాత్రమే వస్తుంది. మేకకు, బర్రెకు, కూరగాయల గంపకు తనకు తోచినంత అడిగే హక్కు రాదు.

చిట్టీ పాటకు 1982 చిట్‌ఫండ్ల చట్టం. చిట్టీ నడిపేవాడు ముందు అనుమతి తీసుకోవాలి, రిజిస్టరు చేయాలి, పాట జరిగినప్పుడు కనీసం ఇద్దరు సభ్యులైనా ఎదురుగానో వీడియోలోనో ఉండాలి. బ్యాంకు తాకట్టు ఇల్లు వేలం వేస్తే 2002 నాటి సర్ఫేసీ చట్టం: అమ్మకానికి ముందు నోటీసు, పాట గెలిచినవాడు పావు వంతు అదే రోజు లేదా మరుసటి పనిదినానికి కట్టాలి.

హనుమకొండలో ఎవరైనా పాత సామాన్లు, ఫర్నిచర్ వేలం దుకాణం తెరిస్తే మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణం నమోదు, పరిస్థితిని బట్టి జీఎస్టీ, మైకు పెడితే దానికి విడిగా అనుమతి కావాలి. అన్నీ దుకాణానికి సంబంధించినవే, వేలానికంటూ వేరే లేదు. ఇలాంటి దుకాణంలో ఒక రకం సరుకు దగ్గర మాత్రం చట్టం అమ్మేవాడి చేతి మీద నేరుగా చెయ్యి వేస్తుంది. అది పురావస్తువుల దగ్గర. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పం, నాణెం, ఇత్తడి విగ్రహం లాంటివి అమ్మే వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. పొలం దున్నితే కాకతీయుల నాటి రాయి బయటపడే నేలలో ఇది చిన్న విషయం కాదు.

డబ్బు రాకపోతే ఏ కాగితం పనికొస్తుంది

చివరికి ఈ లైసెన్సులన్నీ పరీక్షకు నిలిచేది ఒక్క సందర్భంలోనే. సరుకు పోయింది, డబ్బు రాలేదు.

ఇద్దరు రైతులను ఊహించుకుందాం. ఒక రైతు ఏనుమాములలో అమ్మాడు. గేటు ఎంట్రీ ఉంది, తక్ పట్టీ మీద అడ్తి పేరు, ఖరీదుదారు పేరు, బరువు, ధర ఉన్నాయి. డబ్బు ఆగింది. ఆయన మార్కెట్ కార్యదర్శి ముందు ఆ చీటీ పెట్టగలడు. కమిటీ అడ్తిదారును పిలవగలదు, లైసెన్సు ఆపగలదు. లైసెన్సు ఆగితే మరుసటి రోజు నుంచి పాటలో నిలబడలేడు. ఆ ఒత్తిడి కోర్టు నోటీసు కన్నా ముందు పని చేస్తుంది.

ఇంకో రైతు కల్లం దగ్గరే అమ్మాడు. క్వింటాలుకు రెండొందలు ఎక్కువే ఇస్తానన్నాడు కొన్నవాడు. యార్డుకు తోలే కిరాయి మిగిలింది, కమిషన్ మిగిలింది. ఆ లెక్కలో ఆయన తప్పు చేయలేదు. కానీ చేతిలో ఉన్నది ఒక నోటుబుక్కు కాగితం మీద పెన్నుతో రాసిన అంకె, ఒక ఫోన్ నంబరు. ఆ మనిషికి లైసెన్సు లేకపోతే ఆపడానికి ఏమీ లేదు. కమిటీ అతని మీద లైసెన్సు లేకుండా కొన్నందుకు కేసు పెట్టగలదేమో గానీ, ఆ కేసు రైతు బాకీని వసూలు చేయదు. ఆయనకు మిగిలేది పోలీసు స్టేషన్, సివిల్ కోర్టు, లేకుంటే ఊరి పెద్దమనుషులు.

రెండో రైతుకు మొదట మిగిలింది క్వింటాలుకు రెండొందలు, కిరాయి, కమిషన్. ఎనిమిది క్వింటాళ్లకు అది కొన్ని వేలు. బాకీ ఆగితే పోయేది లక్ష.